వెర్నా చెయ్యి

ఐవర్ కోరిక వింటే ఎవరైనా నవ్వుతారు. డెబ్బై దాటిన మనిషి, సగం జీవితం సాల్మన్ చేపల వెంట సముద్రం మీద తిరిగినవాడు. అతనికి కావలసిందల్లా పెళ్ళాం చెయ్యి. పట్టుకోవడానికి. కాసేపైనా సరే.

ఒకప్పుడు ఆ చేతికి కరువుండేది కాదు. వెర్నా కెనడా పడమటి తీరంలోని గాబ్రియోలా దీవిలో స్కూలు బస్సు నడిపేది. స్టీరింగు తిప్పీ తిప్పీ ఆమె అరచేతులు ఐవర్ చేతులకి దీటుగా గట్టిపడ్డాయి. ఆ చెయ్యి ఊరికే ఉండేది కాదు. నవ్వొస్తే అతని వీపు మీద ఒక్కటి చరిచేది, కోపమొస్తే జబ్బ మీద గిల్లేది, ఏదీ రాకపోతే వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ అతని మెడ మీద ఓసారి పడి పోయేది. టీవీలో ఆట చూస్తున్నప్పుడు మెడ మీద చెయ్యి పడితే ఐవర్ విసుక్కునేవాడు కూడా. ఉన్నన్నాళ్ళూ కళ్ళ విలువ తెలియదంటారు, ఈ మహానుభావుడికి మెడ విలువ కూడా తెలియలేదు.

కిందటి అక్టోబరులో, వెర్నాకి క్లోమంలో మొదలైన క్యాన్సరు కాలేయానికి పాకిందని డాక్టరు చెప్పాడు. ఇక మందులు నొప్పిని తగ్గించగలవు గాని రోగాన్ని తగ్గించలేవని కూడా చెప్పాడు. ఆ రోజుతో ఆ చెయ్యి ఆగిపోయింది. ఐవర్ భుజం మీద చెయ్యి వేయబోతే వెర్నా ముడుచుకుపోయేది. ఉండబట్టలేక ఒకసారి అడిగేశాడు.

"నువ్వు ముట్టుకుంటే పోతున్నానని గుర్తొస్తుంది," అంది వెర్నా. "నీ తప్పేం లేదు. కానీ ముట్టుకోకు."

ఆ మాటకి అతని ప్రాణం చివుక్కుమంది. పక్కగదిలో ఆమెకు వేరే మంచం తనే వేశాడు, దుప్పట్లు తనే సర్దాడు. ఆ గదిలో వెర్నా కిటికీ తెర తీయనిచ్చేది కాదు. అన్నం ముందు కూర్చుని, నాలుగు మెతుకులు కెలికి లేచిపోయేది. ఎవరైనా తలుపు తడితే ఉలిక్కిపడేది. సూదులు గుచ్చే నర్సులు తప్ప ఆమెను ముట్టుకున్నవాళ్ళు లేరు. "ఏం కాదు, మనం గెలుస్తాం," అని ఐవర్ రోజుకోసారైనా అనేవాడు. రేడియోలో వాతావరణం చెప్పేవాడి గొంతుతో అనేవాడు. అందులో ఎంత నిజముందో ఇద్దరికీ తెలుసు.

ఇంటికొచ్చే నర్సే ఒక సంగతి చెప్పింది. చావుభయం పట్టి పీడిస్తున్నవాళ్ళకి పుట్టగొడుగుల నుంచి తీసిన మందు ఇస్తారనీ, ఇద్దరు మనుషులు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పక్కనే కూర్చుంటారనీ, రోగం తగ్గదు గాని చాలామందికి భయం తగ్గుతుందనీ చెప్పింది. దానికి రాజధాని ఒట్టావా నుంచి అనుమతి రావాలట.

"మన కుర్రతనంలో హిప్పీలు తిని, గుడ్డలిప్పేసి సముద్రం ఒడ్డున పరిగెత్తేవాళ్ళే, ఆ పుట్టగొడుగులేనా?" అంది వెర్నా. "అప్పట్లో మన ఆవులు మేసే బీట్లోనే మొలిచేవి. ఇప్పుడు ప్రభుత్వాన్ని అడిగి తినాలా?"

చాలా నెలల తర్వాత ఆమె వేసిన మొదటి జోకు అది. ఆ జోకు కోసమైనా ఐవర్ ఒప్పుకునేవాడు. పైగా అతని లెక్క అతనికుంది. భయం పోతే ముడుచుకోవడం పోతుంది. ముడుచుకోవడం పోతే చెయ్యి తిరిగొస్తుంది.

అనుమతి వచ్చింది. నీళ్ళకి అవతల, ననైమో పట్నంలో, ఒక పాత ఇంటిని ఆస్పత్రిగా మార్చుకున్న చోట ముందు కొన్నిసార్లు కూర్చుని మాట్లాడాలన్నారు. ఆఖరిసారికి ఐవర్‌ని కూడా రమ్మన్నారు. పక్కన కూర్చోబోయే ఇద్దరిలో జోస్లిన్ అనే ఆవిడ మనసు వైద్యం చదువుకున్నది, నలభై ఏళ్ళుంటాయి. రెండో అతను డెస్మండ్, నర్సు. నెమ్మదస్థుడు, పిలిస్తే తప్ప పలకడు. గదిలో ఒక సోఫా, దాని మీద మెత్తటి దుప్పటి, కళ్ళకి కట్టుకునే నల్లగుడ్డ, పాట వినే హెడ్‌ఫోన్లు. ఐవర్ అన్నిటినీ అనుమానంగా చూశాడు.

"ఇంకొక్క విషయం తేల్చుకోవాలి," అంది జోస్లిన్. "ఆ రోజు భయమేస్తే పట్టుకోవడానికి చెయ్యి కావాలా, వెర్నా? నాదైనా సరే, డెస్మండ్‌దైనా సరే. చెయ్యి వరకేనా, భుజం మీద వేసినా పరవాలేదా? చెప్పండి."

"అది ఆ రోజు చూసుకుంటే పోలా?"

"కుదరదండీ. మందు లోపల పనిచేస్తున్నప్పుడు మీరేదైనా అడిగితే, అడిగేది మీరో మందో మేం తేల్చలేం. అందుకని ముందే మాట్లాడుకుంటాం. ఇవాళ సరేనని, ఆ రోజు వద్దంటే వెంటనే చెయ్యి తీసేస్తాం. ఇవాళ వద్దని, ఆ రోజు కావాలంటే మాత్రం ఇవ్వం. మీరెంత బతిమాలినా ఇవ్వం. అది మా కట్టుబాటు."

వెర్నా తన అరచేతులు తిరగేసి చూసుకుంది. తర్వాత జోస్లిన్ చేతుల వంక చూసింది.

"నీ చెయ్యి అయితే..." అంది మెల్లిగా. "పట్టుకోవచ్చనుకుంటా."

ఐవర్ గుండెలో ఎవరో రాయి వేసినట్టయింది. తను ఇన్ని నెలలుగా కాచుకుని కూర్చున్న చెయ్యి! మొగుడికి లేదన్నది, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి ఇస్తానంటోంది.

"నేనుంటాను గదిలో," అన్నాడు. "నా చెయ్యి ఉందిగా. మొగుణ్ణి నేను."

"ఇంట్లోవాళ్ళని ఆ గదిలో ఉంచం, ఐవర్," అంది జోస్లిన్. "మీరుంటే ఆవిడ తన సంగతి వదిలేసి మీకెలా ఉందో చూసుకోవడం మొదలెడతారు. అందరూ అంతే."

ఐవర్ మొహం గంటు పెట్టుకున్నాడు. ఆ గంటు మొహం వెర్నాకి కొత్త కాదు. చేపలు పడనప్పుడు, తన అప్పచెల్లెళ్ళు వచ్చి ఎక్కువ రోజులున్నప్పుడు, తను బస్సు పిల్లల గురించి అదే పనిగా చెబుతున్నప్పుడు చూసిన మొహమే. ఓ క్షణం అతని వంక చూసి అటు తిరిగింది.

"వద్దులే. ఎవరి చెయ్యీ వద్దు. దేవుడిచ్చినవి నాకు రెండున్నాయిగా."

"బాగా ఆలోచించుకున్నారా?"

"వద్దన్నానుగా, అమ్మాయ్. రాసుకో."

జోస్లిన్ రాసుకుంది. ఐవర్‌కి లోలోపల సంతోషం వేసింది. అవును, సంతోషమే, దాన్ని ఇంకో పేరుతో పిలవడం ఎందుకు? తనకి దక్కనిది ఇంకొకరికీ దక్కలేదన్న సంతోషం. గడ్డివాము మీద పడుకున్న కుక్కకి కూడా ఇంత మాత్రం ఉంటుంది.

మందిచ్చే రోజు పొద్దున్నే వెర్నాని దింపి, సాయంత్రం రమ్మంటే ఐవర్ ఎక్కడికీ పోలేదు. ఆ ఇంటి ముందే ట్రక్కులో కూర్చున్నాడు. మధ్యాహ్నం రేవు దాకా నడిచి వేయించిన చేప కొనుక్కుని, సగం తిని, మిగతాది సముద్రపు కాకులకి విసిరేసి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. తెర వేసిన ఆ కిటికీ వంకే చూస్తూ, లోపల వెర్నాకి ఏం కనబడుతోందోనని ఆలోచించాడు. తను కనబడాలని ఎంతగా కోరుకున్నాడో చెప్పలేం. ఇప్పటి మోకాళ్ళ నొప్పుల ఐవర్ కాదు, పచ్చ రంగు వాన కోటు వేసుకుని పడవ దిగే ఐవర్ కనబడాలి. ఒకసారి పొగమంచులో దారి తెలియక రేవు బయటే తిరుగుతుంటే, వెర్నా స్కూలు బస్సుని రేవు వంతెన చివరి దాకా నడుపుకొచ్చి, అతను ఆ చప్పుడు పట్టుకుని ఒడ్డు చేరేదాకా హారన్ మోగిస్తూనే ఉంది. దానికి స్కూలువాళ్ళు ఆమెకి చీవాట్లు పెట్టారు. అది కనబడినా చాలు. "వెర్నా, నన్ను చూడవే," అని ట్రక్కులో కూర్చుని పైకే అన్నాడు. అని, ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూశాడు.

సాయంత్రం డెస్మండ్ ఆమెను గుమ్మం దాకా నడిపించుకొచ్చాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి. కానీ మొహం జ్వరం దిగిన మనిషి మొహంలా తేటగా ఉంది.

"ఇవాళ ఏమీ అడక్కండి," అంది జోస్లిన్, ఐవర్‌ని పక్కకి పిలిచి. "ఏం చూశావు, ఏమైంది అని అడిగితే లోపలిది చెదిరిపోతుంది. తనంతట తను చెప్పేదాకా ఆగండి."

జోస్లిన్ కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి. ఐవర్ అది చూశాడు గాని, అలసటనుకున్నాడు.

ఊళ్ళోనే ఒక మోటెల్లో దిగారు. వెర్నా చేపల సూపు గిన్నెడు తాగి, రొట్టెతో గిన్నె అడుగు కూడా తుడిచి తినేసింది. తర్వాత తనే లేచి వెళ్ళి కిటికీ తెర పక్కకి లాగింది. రేవులో పడవల్ని చూస్తూ చాలాసేపు నుంచుంది. ఒకసారి దేనికో చిన్నగా నవ్వుకుంది కూడా. ఐవర్ మంచం అంచున కూర్చుని ఆమె వీపు వంక చూస్తూ ఉండిపోయాడు. భయం పోయింది, చూస్తేనే తెలుస్తోంది. సంతోషించాల్సిందే. సంతోషించాడు కూడా. కానీ లోపల ఏదో జారిపోతోంది. భయపడే వెర్నా ఈ లోకపు గుమ్మం పట్టుకుని వేలాడింది, వెళ్ళనని మొండికేసింది. ఈ వెర్నా ప్రయాణానికి చెప్పులు వేసుకుని నుంచున్నట్టుంది.

మర్నాడు పొద్దున ఆమె జోస్లిన్‌తో ఇంకోసారి కూర్చుని మాట్లాడి వచ్చాక, ఇద్దరూ ఇంటికి బయలుదేరారు. దీవికి వెళ్ళాలంటే కార్లనెక్కించుకునే ఓడ ఎక్కాలి. ఓడ ఇంకా అవతలే ఉంది. వరసలో వాళ్ళ ట్రక్కే ముందుంది. ఐవర్ ఇంజను ఆపి, స్టీరింగు మీద రెండు చేతులూ వేసి, నీళ్ళ వంక చూస్తూ కూర్చున్నాడు.

"అడుగు," అంది వెర్నా. "అడక్కపోతే కడుపు పగిలి చచ్చేలా ఉన్నావు."

"అడగొద్దన్నారు."

"ఆ పిల్ల మాటంటే అంత గురి! నా మాట ఒక్కనాడు ఇలా విన్నావా?"

ఒక రోజంతా నోట్లో పెట్టుకు తిరిగిన ప్రశ్న.

"నేను కనిపించానా?"

వెర్నా నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసి అతని వంక తిరిగింది.

"లేదు, ఐవర్."

"కాసేపు కూడానా?"

"కాసేపు కూడా లేదు. అమ్మ కనబడింది. బస్సు కనబడింది. పిల్లలందరూ దిగిపోయాక ఖాళీగా ఉంటుందే, అలా. తర్వాత బస్సూ లేదు, నేనూ లేను. దానికి ముందు మాత్రం భయమేసింది. ఇన్ని నెలల భయం ఒక్కసారే వచ్చి గుండెల మీద కూర్చుంది. చెయ్యి ఇమ్మని అడిగాను."

"ఎవర్ని?"

"జోస్లిన్‌నే. ఇంకెవర్నడుగుతాను? ఏడ్చాను. బతిమాలాను. తిట్టాను కూడా, నా నోటి సంగతి నీకు తెలిసిందేగా. బస్సులో కూడా ఎప్పుడూ అనని మాటలన్నాను."

"ఇచ్చిందా?"

"ఎలా ఇస్తుంది? వద్దని రాయించానుగా. 'ఇక్కడే ఉన్నాను వెర్నా, నీ పక్కనే ఉన్నాను,' అంటూనే ఉంది, గంటసేపో ఎంతసేపో. చెయ్యి మాత్రం ఇవ్వలేదు. తన చేతులు తన ఒళ్ళోనే బిగించి పట్టుకుని ఏడ్చిందట. పొద్దున చెప్పింది."

ఐవర్‌కి ముందు కోపమొచ్చింది. మనిషి ఏడుస్తుంటే ఇవ్వని ఆ చెయ్యి ఎందుకు, వెనక్కి పోయి నాలుగు దులిపి రావాలనిపించింది. తాళంచెవి మీదికి చెయ్యి పోయింది కూడా. అక్కడే ఆగిపోయింది. జోస్లిన్ ముందు కూర్చున్న రోజు, గంటు పెట్టుకున్న తన మొహం, అటు తిరిగిన వెర్నా, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి.

"నా మొహం చూసి వద్దన్నావు," అన్నాడు.

"మరి? దాన్ని చూస్తూ కావాలని ఎలా అంటాను?"

"నా ఏడుపు వల్ల నీకు చెయ్యి లేకుండా పోయింది."

"పోయింది," అంది వెర్నా. పోనీలే అనలేదు. ఎప్పుడూ ఉన్నమాట అనే మనిషి, ఇప్పుడు మాత్రం ఎందుకు మానుతుంది? "నీ మీద చాలా కోపమొచ్చింది. నీ పేరు పెట్టి అరిచానట కూడా. అరిచి అరిచి అలిసిపోయాను. పట్టుకోవడానికి ఏమీ లేదు. వదిలేశాను. వదిలేస్తే ఏమీ కాలేదు, ఐవర్. చెప్పడానికి ఇంకేం లేదు. ఏమీ కాలేదు."

అవతలి ఒడ్డు నుంచి ఓడ బయలుదేరింది. వెనక కార్లలో మనుషులు కాఫీ కప్పులతో దిగి కబుర్లాడుకుంటున్నారు.

"నన్ను వదిలేసినా ఏమీ కాలేదా?" అన్నాడు ఐవర్. అడగకూడని మాట. అయినా అడిగాడు.

"అక్కడ ఏమీ కాలేదు. ఇక్కడికొచ్చాక అవుతోంది," అంది వెర్నా. ఇద్దరి మధ్యా సీటు మీద తన చెయ్యి వెల్లకిలా పెట్టింది. "ఇదిగో."

ఇన్ని నెలలుగా కలవరించిన చెయ్యి. అడక్కుండానే వచ్చింది, అడుగు దూరంలో ఉంది. ఐవర్ స్టీరింగు వదల్లేదు.

"ఏమైంది? ఇన్నాళ్ళూ వంటింటి గుమ్మంలో కుక్క చూసినట్టు చూశావుగా దీని వంక."

"చూశాను," అన్నాడు. "ఇప్పుడు పట్టుకుంటే నువ్వు వెళ్ళిపోతావు."

"పట్టుకోకపోతే వెళ్ళనా?"

ఐవర్ ఎదురుగా ఉన్న సముద్రాన్నే చూశాడు. ఈ నెలల్లో ఒక్కసారి కూడా ఆమె ముందు ఏడవలేదు. ఏడవాలనిపించినప్పుడు షెడ్డులోకి పోయి పడవ ఇంజను విప్పేవాడు, బిగించేవాడు. అలా ఎన్నిసార్లు బిగించాడో, పాపం ఆ ఇంజనుకే తెలియాలి.

"నాకు భయంగా ఉంది, వెర్నా."

"తెలుసు."

"గెలుస్తాం గెలుస్తాం అన్నదంతా ఉత్తదే."

"అదీ తెలుసు. నీకు అబద్ధమాడటం ఏనాడు చేతనైంది గనక?" ఆమె చెయ్యి అక్కడే ఉంది, తొందరపడకుండా. "ఇన్నాళ్ళూ ఇల్లంతా నా భయమే నిండిపోయింది. నీది ఎక్కడ పెట్టుకుంటావు? ఇప్పుడు ఖాళీ అయింది. చెప్పు."

ఐవర్ చెయ్యి అందుకున్నాడు. బస్సు నాటి గట్టిదనం అందులో లేదు. ఎముకలు తగులుతున్నాయి, చర్మం పల్చగా జారుతోంది. కానీ వెచ్చగా ఉంది. వేళ్ళు మునుపటిలాగే అతని బొటనవేలిని చుట్టుకున్నాయి. అంతే, కట్ట తెగింది. ఏడుస్తూనే చెప్పాడు. పొద్దున లేస్తే తిట్టేవాళ్ళుండరని చెప్పాడు. నువ్వు చచ్చిపోయాక ఇంటికి రావడానికి కారణమేముంటుందని అడిగాడు. పెద్ద భయాలు అయిపోయాక చిన్నవి వచ్చాయి. ఆమె పెంచే టమోటాలకి ఎప్పుడు నీళ్ళు పెట్టాలో తెలియదు, ఆమె చెల్లెలితో ఫోనులో ఏం మాట్లాడాలో తెలియదు, దుప్పట్లు ఎక్కడ దాస్తుందో ఇన్నేళ్ళయినా తెలియదు. నిన్న ట్రక్కులో కూర్చుని ఒంటరిగా నిన్ను పిలిచానని కూడా చెప్పాడు.

"ఏమని పిలిచావు?"

"నన్ను చూడవే అని."

వెర్నా మొహం అప్పుడు మారింది. నిన్నటి నుంచి తేటగా ఉన్న ఆ కళ్ళు నిండాయి.

"ఇప్పుడు చూస్తున్నాను," అంది. "నాకు చావంటే భయం పోయింది, ఐవర్. నువ్వంటే ఇష్టం పోతుందనుకున్నా, అది పోలేదు. అది పోయుంటే ఎంత సుళువుగా ఉండేదో."

ఓడ వచ్చి ఒడ్డుకి ఆనుకుంది. అటు నుంచి వచ్చిన కార్లన్నీ దిగిపోయాయి. నారింజ రంగు చొక్కా వేసుకున్న లైల్ ముందుకొచ్చి, రమ్మని చెయ్యి ఊపాడు. చిన్నప్పుడు వెర్నా బస్సులో వెనక సీటులో కూర్చుని అల్లరి చేసినవాడే, ఇప్పుడు ఓడలో పనిచేస్తున్నాడు, తల సగం నెరిసింది.

"పోనియ్," అంది వెర్నా. "వెనక జనం ఉన్నారు."

ఐవర్ ఎడమచేత్తో తాళం తిప్పాడు, సగం దాకా వంగి, కష్టం మీద. ఇంజను మోగింది. ఆ పాత ట్రక్కు కదలాలంటే కుడిచేత్తో గేరు వెయ్యాలి. కుడిచేతిలో ఆమె చెయ్యి ఉంది.

లైల్ మళ్ళీ ఊపాడు. తర్వాత నడుచుకుంటూ కిటికీ దగ్గరికొచ్చాడు.

"ఏం పెద్దాయనా, బండి మొరాయించిందా?"

"లేదు."

"మరి?" అని లోపలికి తొంగి చూశాడు. తడిసిన ఐవర్ గడ్డాన్ని చూశాడు, సీటు మీద చేతుల్ని చూశాడు. "బాగున్నారా వెర్నా," అని మాత్రం అని, టోపీ సర్దుకుంటూ వెనక్కి తగ్గాడు.

"వదులు, ముసలోడా," అంది వెర్నా. "ఎప్పటికైనా వదలాలి కదా."

"వదుల్తాను," అన్నాడు ఐవర్. "ఈ ఓడకి కాదు."

లైల్ వెనక కార్లకి పక్కనుంచి రమ్మని చెయ్యి చూపించాడు. అవి ఒక్కొక్కటీ వాళ్ళని చుట్టుకుని ఓడెక్కాయి.